ఈ గీతకి రీటేక్ లేదు!

అభిమాన హీరో పేరు చేతిమీద పొడిపించుకున్నవాళ్లు మీలో ఎంతమంది వున్నారో నాకు తెలీదు గాని, పొడిపించుకోవాలని ముచ్చటపడుతున్నవాళ్లు మాత్రం బోలెడుమంది వుంటారని నాకు బాగా తెలుసు. ఎందుకంటారా? పెద్ద సినిమా రిలీజు వారం వచ్చిందంటే చాలు, మా టాటూ స్టూడియో మెట్లమీద చెప్పులు పట్టవు! "అన్నా, రేపు మొదటి ఆటకి వెళ్లాలి. ఈలోపు గుండెలమీద బొమ్మ పడిపోవాలి" అంటూ వచ్చేస్తారు. బొమ్మంటే ఏదో చిన్న బొమ్మ కాదండోయ్... హీరోగారి ముఖం, నల్లకళ్లద్దాలు, వెనక మంటలు, అన్నీను!

వాళ్లని కూర్చోబెట్టి, టీ ఇప్పించి నేను చెప్పే మాట ఒక్కటే. "తమ్ముడూ, ముఖం సంగతి తర్వాత చూద్దాం. ముందు మూడంగుళాల గీత ఒకటి వేయించుకో. నెల తర్వాత అది ఎలా వుందో చూసుకుని, అప్పుడు రా." సగంమంది కోపం తెచ్చుకుని వెళ్లిపోతారు. మిగిలిన సగంమంది "గీతలో ఏముందన్నా?" అని అడుగుతారు. ఏముందో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి. ఫ్లాష్‌బాక్ అనుకోండి.

మా నాన్న విజయవాడలో సినిమా బానర్లు వేసేవాడు. గాంధీనగర్ నిండా డిస్ట్రిబ్యూటర్ల ఆఫీసులే కదా, అక్కడికి దగ్గర్లోనే ఒక షెడ్డులో ఆయన పని. 1977లో "అడవి రాముడు" ఆడుతున్నప్పుడు ఆయన ఇంకా రంగుడబ్బాలు మోసే కుర్రాడు. తర్వాత తర్వాత ముఖాలు వేసే స్థాయికి వచ్చాడు. ముందు గుడ్డని ఫ్రేముకి బిగించి, సుద్దా జిగురూ కలిపి పూసి ఆరబెట్టేవాళ్లు. కంపెనీవాళ్లిచ్చిన స్టిల్ మీద పెన్సిలుతో గళ్లు గీసుకుని, అన్నే గళ్లు గుడ్డమీద దారానికి పొడి రాసి 'టప్'మని కొట్టి వేసేవాళ్లు. చిన్న గడిలో వున్నది పెద్ద గడిలోకి బొగ్గుతో ఎక్కించడమే పని. ఆ బొగ్గుగీత దగ్గరే అసలు పనివాడెవడో తేలిపోయేది. రామారావుగారి ముక్కుకి ఒకటే గీత అనేవాడు నాన్న. మధ్యలో ఆగి మళ్లీ అందుకుంటే అది ఆయన ముక్కు కాదట, పక్క పాత్రధారి ముక్కట!

ఇంత కష్టపడి వేసిన ముఖం ఎన్నాళ్లు వుండేదంటారు? సినిమా ఎన్నాళ్లాడితే అన్నాళ్లు. సినిమా ఎత్తేశాక బానరు దింపి, ఆ ముఖాల మీదే మళ్లీ సుద్ద కొట్టి కొత్త సినిమా మొదలుపెట్టేవాళ్లు. ఒక్కొక్క గుడ్డ కింద ఎంతమంది హీరోలు నిద్రపోయారో లెక్కలేదు. మరీ పాతబడిపోయిన గుడ్డలు రిక్షా టాపులకీ, బళ్లమీద కప్పడానికీ పోయేవి. 2000 దాటాక ఫ్లెక్సీలు వచ్చాయి. ఆ తర్వాత కథ మీకు తెలిసిందే. కిరసనాయిల్లో నానబెట్టిన నాన్న కుంచెలు ఆ డబ్బాలోనే ఎండిపోయాయి.

విధి విలాసం చూడండి, డిగ్రీ కాగానే నాకు దొరికిన మొదటి వుద్యోగం ఫ్లెక్సీ షాపులోనే! నాన్న ఏమీ అనలేదు. అన్నం తింటూ నావైపు చూసేవాడు కాదు, అంతే. ఏడాది తిరక్కుండా అది మానేసి, హైదరాబాదులో అమీర్‌పేట దగ్గర ఒక టాటూ స్టూడియోలో చేరాను. ఆ మాట విని మాత్రం ఆయన నోరు విప్పాడు. "గుడ్డ అయితే సుద్ద కొట్టి చెరిపేస్తాం. మనిషిని ఏం పెట్టి చెరుపుతావురా?" అన్నాడు. ఆ మాటకి నా దగ్గర అప్పుడు జవాబు లేదు. నిజం చెప్పాలంటే ఇప్పుడూ లేదు. లేజరుతో తీసేస్తారు లెండి, కాని దానికి ఎన్నో విడతలు పడుతుంది. వేయించుకున్నప్పటికంటే ఎక్కువ ఖర్చు, ఎక్కువ నొప్పి. పూర్తిగా పోతుందన్న హామీ కూడా వుండదు.

మా గురువుగారు పాతబస్తీ మనిషి. మూడు నెలలు నన్ను మెషీన్ ముట్టుకోనివ్వలేదు. పెన్సిలుకి ఇనప ముక్క ఒకటి తాడుతో కట్టి ఇచ్చాడు. టాటూ మెషీన్ అంత బరువు రావాలని! దాంతో రోజుకి ఇరవై కాయితాలు గీతలు... నిలువు గీతలు, అడ్డగీతలు, గుండ్రాలు. గుండ్రమంటే ఎక్కడ మొదలైందో ఎక్కడ ముగిసిందో కనబడకూడదు. "తమ్మీ, వేళ్లతోని గీస్తే గీత వణుకుతది. మోచేతి నుంచి, భుజం నుంచి రావాలె" అనేవాడు. నాకు నవ్వొచ్చేది. ఇదే మాట మా నాన్న ఇరవై అడుగుల బానర్ ముందు నిచ్చెనమీద నిలబడి చెప్పేవాడు మరి!

సాయంత్రాలు బాపుగారి బొమ్మలు ముందేసుకుని కూర్చునేవాణ్ణి. "ముత్యాల ముగ్గు" (1975) తీసిన డైరెక్టరుగా ఆయన మీకు తెలుసు. గీత నేర్చుకునేవాడికి మాత్రం ఆయన ముందుగా బొమ్మల బాపుగారే. అమ్మాయి జడ చూడండి... మెడ దగ్గర సన్నగా బయల్దేరి, నడుం దగ్గర లావై, చివర మళ్లీ గాలిలో కలిసిపోతుంది. ఆ జడని కాయితంమీద వందసార్లు దిద్దితే తప్ప, గీతకి బరువు అనేది ఒకటుంటుందని నాకు తెలిసిరాలేదు.

కాయితం అయ్యాక బత్తాయి పండు. అవునండీ, బత్తాయే! గుండ్రంగా వుంటుంది, తొక్కమీద చర్మంలాగే చిన్న చిన్న రంధ్రాలుంటాయి. సూది ఎక్కువ దిగితే రసం కారి మనల్ని అక్కడికక్కడే పట్టించేస్తుంది. ఆ తర్వాత అరటిపండు, ఆ తర్వాత రబ్బరులాంటి కృత్రిమ చర్మం. ఆ వేసవంతా మా రూములో గీతలున్న బత్తాయిల రసమే తాగాం. (నల్ల సిరా తొక్క తీసేశాకేనండీ, కంగారుపడకండి!)

ఇక అసలు సంగతికి వస్తాను. సూది రాయదు, గుచ్చుతుంది. ఈ ఒక్క ముక్క బుర్రకెక్కడానికి నాకు చాలా కాలం పట్టింది. మెషీన్‌లో సూది సెకనుకి సుమారు 100 సార్లు పైకీ కిందకీ ఆడుతుంది. అంటే మీకు గీతలా కనబడేది నిజానికి చుక్కల వరస. సినిమా కూడా అంతే కదా, సెకనుకి 24 ఫ్రేములు పరిగెడితే మనకి హీరో నడుస్తున్నట్టు కనిపిస్తాడు! చెయ్యి మరీ తొందరపడిందో, చుక్కల మధ్య ఖాళీలు వచ్చి గీత తెగినట్టుంటుంది. మరీ నెమ్మదించిందో, ఒకేచోట పదేపదే గుచ్చుకుని చర్మం నలిగిపోతుంది, గీత వుబ్బుతుంది. మెషీన్ పరుగూ, చెయ్యి నడకా జోడీ కుదరాలి. అదెక్కడ కుదురుతుందో పుస్తకంలో దొరకదు. మెషీన్ చేసే చప్పుడు వింటూ వింటూ పట్టుకోవాలి. సూది చర్మంలోకి సరిగ్గా దిగినప్పుడు మోత కొద్దిగా బరువెక్కుతుంది.

రెండోది లోతు. పైచర్మం చాలా పల్చన. దాంట్లోనే సిరా ఆగిపోతే, నెలరోజుల్లో ఆ చర్మం రాలిపోయి కొత్తది వచ్చేస్తుంది, దాంతోపాటే మీ హీరో పేరూ పోతుంది. మరీ లోతుకి, కింద కొవ్వులోకి పోతే సిరా పక్కలకి పాకిపోయి, గీత చుట్టూ నీలంరంగు నీడ పడుతుంది. ఈ రెంటికీ మధ్య, ఒకటి నుంచి రెండు మిల్లీమీటర్ల లోపు, సిరా కూర్చోవాలి. అక్కడ మన వొంట్లోని కాపలా కణాలు దాన్ని పరాయి సరుకనుకుని మింగేసి, అరిగించుకోలేక అలాగే కూర్చుండిపోతాయి. ఆ కణం చచ్చిపోతే? వదిలిన సిరాని పక్కనున్న కొత్త కణం మింగుతుంది. 2018లో ఫ్రాన్సు శాస్త్రవేత్తలు ఎలుకల తోకమీద పచ్చబొట్టు వేసి మరీ ఈ సంగతి తేల్చారు. హాల్లో ఒక గేట్‌కీపర్ డ్యూటీ దిగి ఇంకొకడికి తాళాలిచ్చి వెళ్లినట్టన్నమాట. మీ చేతిమీద గీత నిలబడేది ఈ చేతులు మారడంవల్లే!

మూడోది... అందరూ చిన్నచూపు చూసేదీ, నా మటుకు నాకు అన్నిటికన్న పెద్దదీ... ఎడంచెయ్యి. కుడిచెయ్యి గీస్తే ఎడంచెయ్యి చర్మాన్ని లాగి పట్టుకోవాలి. బొటనవేలు ఒకవైపు, చూపుడువేలు ఇంకోవైపు, కుడి అరచేతి అంచు మూడోవైపు. డప్పు చర్మంలా బిగవాలి. వదులుగా వున్న చర్మంమీద ప్రపంచంలో ఎంతటి మొనగాడి గీతైనా వంకరే. గుడ్డ ఫ్రేముకి బిగించకుండా మా నాన్న కుంచె ముట్టేవాడు కాదు. ఇదీ అదే. మంచి ఎడంచెయ్యి వున్నవాణ్ణి చూస్తే నాకిప్పటికీ అసూయే.

ఇవికాక చిన్న చిన్న కిటుకులున్నాయి. సూది గాల్లో కదులుతూనే చర్మంమీద దిగాలి, కదులుతూనే పైకి లేవాలి. గన్నవరంలో విమానం చూశారుగా, అలా. ఆగి దిగితే మొదట్లో ఒక బొట్టు పడుతుంది. అచ్చు చెరిగిపోకుండా కిందనుంచి పైకి పనిచెయ్యాలి. తుడిచేప్పుడు రుద్దకూడదు, అద్దాలి. పక్కటెముకల మీద అయితే మనిషి వూపిరి వదిలేటప్పుడు గీత లాగాలి. వూపిరి తీసుకునేటప్పుడు మీ కాయితం కదిలిపోతుంది మరి!

అన్నట్టు మీకొక తమాషా చెప్పాలి. 1876లో అమెరికాలో ఎడిసన్ మహాశయుడు కాయితానికి చిల్లులు పొడిచే ఎలక్ట్రిక్ పెన్ను ఒకటి పేటెంటు చేశాడు, ఒకే వుత్తరానికి నకళ్లు తియ్యడం కోసం. ఆ సూత్రాన్నే తీసుకుని, 1891లో న్యూయార్కులో శామ్యూల్ ఓ'రైలీ అనే ఆయన టాటూ మెషీన్‌కి పేటెంటు పొందాడు. ఎడిసన్ కంపెనీవాళ్ల కైనెటోస్కోపు అనే పెట్టెలో కదిలే బొమ్మలు చూపించే దుకాణం 1894లో ఆ న్యూయార్కులోనే తెరుచుకుంది. అంచేత సినిమాకీ టాటూకీ ఎక్కడో చుట్టరికం వుందనే నేను గట్టిగా నమ్ముతాను. అభిమానులు వూరికే ఎగబడతారా చెప్పండి!

మనవాళ్లకి మెషీనెందుకు? మా అమ్మమ్మ మోచేతి కింద తేలుబొమ్మా, చుక్కల ముగ్గూ వుండేవి. ఎరుకల ఆవిడ ఒకామె వూళ్లోకి వచ్చినప్పుడు, దీపపు మసీ ఆకుపసరూ కలిపి, నాలుగైదు సూదులు కట్టగట్టి పొడిచిందట. మసి నల్లగా వుంటే బొట్టు పచ్చదెలా అయిందని చిన్నప్పుడు అడిగేవాణ్ణి. చర్మం అడుగునున్న నలుపు మీద వెలుగు చెదిరి మన కంటికి నీలంగా, ఆకుపచ్చగా తోస్తుందని తర్వాత తెలిసింది. అరవై ఏళ్లకి ఆ తేలు కొండీలు కలిసిపోయి, రొయ్యలా తయారైంది. గీత వయసుతోపాటు లావెక్కుతుంది, మనుషుల్లాగే. అంచేతే రెండు గీతల మధ్య ఇవాళ బాగున్నంత చోటు చాలదు, ఇంకా వదలాలి. "పేరు చిన్నగా, అక్షరాలు దగ్గరగా వెయ్యన్నా, స్టయిల్‌గా వుంటుంది" అనే కుర్రాళ్లకి నేను అమ్మమ్మ తేలు కథ చెప్తుంటాను.

ఇంకో మాట. వేసిన వెంటనే ఫోనులో ఫోటో తీసి పెడతారే, అది మొదటి ఆట టాకు లాంటిది. అప్పుడు ఏ గీతైనా నల్లగా, నిగనిగలాడుతూనే వుంటుంది. నాలుగు వారాలయ్యాక, పొట్టు రాలాక, గీత ఎక్కడా తెగకుండా, నీడ పట్టకుండా వుంటే అప్పుడు యాభైరోజుల పోస్టరు వేసుకోవచ్చు. ఎవరి దగ్గరికి వెళ్లినా నెలా ఆర్నెల్లూ దాటిన పని చూపించమని అడగండి. సూది మీ కళ్లముందు కొత్త ప్యాకెట్టు చింపి తియ్యాలి, సిరా చిన్న గిన్నెలో వేరే పొయ్యాలి, మిగిలింది పారబోయాలి. తిరనాళ్లలో ఒకే సూదితో పదిమందికి పొడిచేవాణ్ణి చూస్తే నాకు వొళ్లు జలదరిస్తుంది. కామెర్ల రోగంనుంచి ఎయిడ్స్ దాకా అలాగే అంటుకోవచ్చు. పద్దెనిమిది నిండనివాళ్లకి మేం వెయ్యం. ఎంత బతిమాలినా సరే!

సరే, మా నాన్న దగ్గరికి వద్దాం. నాలుగైదేళ్లుగా ఆయనకి కుడిచెయ్యి వణుకుతోంది. గ్లాసు ఎత్తితే నీళ్లు తొణుకుతాయి, సంతకం పెడితే బ్యాంకులో ఒప్పుకోవడంలేదు. 2023 సంక్రాంతికి ఇంటికి వెళ్లాను. రాత్రి అరుగుమీద కూర్చున్నప్పుడు వున్నట్టుండి, "నేను వేసిన గీత ఒక్కటీ మిగల్లేదురా" అన్నాడు. బాధగా కూడా అనలేదు, లెక్క చెప్తున్నట్టు అన్నాడు. కాసేపాగి, "నీ మెషీన్ తెచ్చావా?" అని అడిగాడు.

ఆయన ప్రతి బానరుకీ కింద కుడిమూలన ఒక సంతకం పెట్టేవాడు. 'ర' అనే ఒక్క అక్షరం, దాని కిందనుంచి కుడికి సాగే పొడుగాటి తోక. అది కావాలట, ఆ వణికే చేతిమీదే!

సంతకం నమూనా ఎక్కడిది? బానర్లన్నీ సుద్దలో కలిసిపోయాయి. ఇప్పుడు రాయమంటే చెయ్యి నిలవదు. అమ్మ ట్రంకుపెట్టెలోంచి ఒక ఫోటో తీసింది. హాల్లో ఏదో ఫంక్షనప్పుడు తీసిన గ్రూపు ఫోటో. వెనక బానరు, దాని మూలన బియ్యపుగింజంత 'ర'. ఇక చూడండి మా ఇంట్లో హడావుడి! ఫోనుతో ఫోటో తీసి పెద్దది చేద్దామంటే అంతా మసకే. నాన్న నవ్వి, "గళ్లు కొట్టరా" అన్నాడు. స్కేలు అమ్మ పట్టుకుంది. ఫోటోమీద ట్రేసింగ్ కాయితం వేసి సన్నగళ్లు, తెల్లకాయితం మీద పెద్దగళ్లు. ఆయన చెప్తుంటే నేను ఎక్కించాను. "ఆ గడిలో పైకి పోకు, కిందనుంచి రా... ఆఁ, అక్కడ వొత్తు." ఒక్క అక్షరానికి రెండు గంటలు పట్టింది. ఆయన బరువు పెట్టిన చోటేదో, కుంచె తేల్చిన చోటేదో ఒక్కటీ మర్చిపోలేదు.

అయినా ఆరోజే వెయ్యలేదు. డాక్టరుగారిని అడిగాం. సుగరు లేదు, రక్తం పలచబరిచే మందులూ వాడడంలేదు, పరవాలేదన్నారు. అరవయ్యారేళ్ల చర్మం అంటే కుర్రాళ్ల చర్మం కాదు, వుల్లిపొరలా వుంటుంది. వోల్టేజి తగ్గించాను. అయిదు సూదుల కట్ట తీసుకుని, మొన కొద్దిగానే బయటికి పెట్టాను. ఆయన వణుకు ఏదన్నా పట్టుకున్నప్పుడే ఎక్కువ. చెయ్యి దిండుమీద పూర్తిగా వాల్చి వదిలేస్తే చాలావరకు తగ్గుతుంది. అయినా వదులు చర్మానికి నా ఎడంచెయ్యి ఒక్కటే సరిపోదని తెలిసిపోయింది. అమ్మకి తొడుగులు వేశాను. అవతలివైపు నుంచి ఆమె లాగి పట్టుకుంది. కూలీ ఇచ్చే స్తోమతు లేని రోజుల్లో దారం అవతలి కొస పట్టుకున్న చేతులే అవి.

'ర' గుండ్రం రెండు లాగుల్లో వచ్చింది. అతుకు కనబడకుండా రెండో గీతని మొదటిదానిమీదికి తేలిగ్గా దింపాను. తలకట్టు చిన్నదే. ఇక తోక మిగిలింది. మూడంగుళాలు... లావుగా మొదలై సన్నబడి గాలిలో కలిసిపోవాలి. మధ్యలో ఆపడానికి లేదు, ఆపితే ఆయన ముక్కూ కాదు, ఈయన సంతకమూ కాదు! మెషీన్ ఎత్తి, ఆయన వూపిరి వదిలేదాకా ఆగాను. నాన్న తన చేతివైపు చూడ్డంలేదు, నా చేతివైపే చూస్తున్నాడు. "భుజం" అన్నాడు, అంతే. లాగేశాను.

నెల పోయాక మళ్లీ ఇంటికి వెళ్లాను. పొట్టు రాలిపోయి, గీత శుభ్రంగా కూర్చుంది. నాన్న కళ్లజోడు పెట్టుకుని, కిటికీ దగ్గర చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసి, "తోక దగ్గర నేనైతే ఇంకో జానెడు లాగేవాణ్ణి" అన్నాడు.

"అది ఇరవై అడుగుల బానరు నాన్నా, ఇది నీ చెయ్యి" అన్నాను.

ఆయనేమీ మాట్లాడలేదు. ఇప్పుడు గాంధీనగర్‌లో టీ తాగడానికి వెళ్లేటప్పుడు, ఎండైనా చలైనా, కుడిచేతి చొక్కా మోచేతిదాకా మడుచుకుని వెళ్తున్నాడని మొన్న అమ్మ ఫోన్లో చెప్పింది.